ఎవరూ ముట్టుకోని పన్నెండు రోజులు

మా అక్క ఇల్లు ధర్మవరంలో. ముందు గదిలో గుంత మగ్గం, వెనక గదిలో కాపురం. బావ పోయాక మగ్గం మీద మా మేనల్లుడు కూర్చున్నాడు. పెద్ద అంచు పట్టుచీర ఒక్క మనిషి నేసేది కాదు. నేసేవాడి పక్కన రెండో మనిషి కూర్చుని అటువైపు అంచుకు పోగు చుట్టిన నాడె వేయాలి. పెళ్లయిన నాటి నుంచి ఆ పని మేనల్లుడి భార్యది. మూడేళ్ల కిందట ఆమెకు భుజం పట్టేసి కుడిచెయ్యి పైకి లేవకుండా పోయింది. అప్పటి నుంచి ఆ చోట్లో వాళ్ల కూతురు కూర్చుంటూ వచ్చింది. బడికి పోయే ముందు రెండు గంటలు, వచ్చాక మూడు గంటలు.

నేను హిందూపురంలో ఉంటాను. ముప్పై ఏళ్లకు పైగా దినపత్రికలో విలేకరిగా పనిచేసి మానుకున్నాను. నెలకు ఒకటి రెండుసార్లు ప్యాసింజర్ రైలెక్కి అక్కను చూసి వచ్చేవాణ్ణి. ఆ అమ్మాయి నన్ను తాతా అని పిలుస్తుంది. ఇది జరిగిన ఏడు ఆమె పదో తరగతి. పది పాసై హిందూపురంలో మా ఇంట్లో ఉండి పాలిటెక్నిక్ చదవాలని ఆమె కోరిక. మగ్గం గుంతలోంచి లేచి వెళ్లడానికి ఆమెకు కనిపించిన దారి అదొక్కటే.

"తాతా, మీ ఇంట్లో నాకు మంచమేస్తావా, చాపేనా?" అని అడిగేది.

"మంచమే. దోమతెర కూడా."

"అట్లయితే రోంత గట్టిగానే చదవాల."

ఆ ఇంట్లో ఒక నియమం ఉంది. నెలసరి వచ్చిన ఆడమనిషి మగ్గాన్ని తాకకూడదు. పట్టు మైలపడుతుందని, పడుగు పోగులు తెగుతాయని. ఆ వీధిలో చాలా ఇళ్లు ఈ పట్టింపు వదిలేశాయి. మా అక్క వదల్లేదు. ఆ రోజుల్లో బడి ఉండదు, వెనక వసారాలో చాప, వేరే చెంబు, వేరే పళ్లెం. రక్తం ఆగాక తలకు పోసుకుని లోపలికి రావాలి. రెండో మనిషి లేకపోతే మగ్గం ఆగుతుంది. మగ్గం చప్పుడు ఆగితే ఎందుకు ఆగిందో వీధికంతా తెలుస్తుంది. ఎదురింటి అబ్బాయి ఈ అమ్మాయి తరగతే. అందువల్ల ఆమె నెలసరి తేదీలు తరగతిలో సగం మందికి తెలుసు. అదేమిటో మాత్రం వాళ్లలో ఎవరికీ తెలియదు. నెలకు మూడు రోజులు ఆమెను ఎవరూ తాకకూడదని, తాకితే ఏదో అవుతుందని, అంతవరకే తెలుసు.

శ్రావణమాసంలో పెళ్లిచీరల పని మీద పడింది. తిరుమలకు పోయేటప్పుడో, ఇంట్లో వ్రతం పెట్టుకున్నప్పుడో నెలసరి వెనక్కి జరగడానికి ఆడవాళ్లు మాత్రలు వేసుకుంటారు. మందుల అంగడిలో అడిగితే ఇస్తారు. మేనల్లుడి భార్య ఎప్పుడో రెండు మూడుసార్లు వాడింది. ఏమీ కాలేదు. అవే కూతురికి ఇచ్చింది. చీర అయిపోయి మగ్గం మీంచి కోసేదాకా వేసుకో, తర్వాత మానెయ్యి అంది. ఆ చీర అయ్యాక ఇంకో చీర వచ్చింది. దాని తర్వాత ఇంకోటి. చీరకూ చీరకూ మధ్యలో ఒకటి రెండుసార్లు కొద్దిగా కనిపించి ఆగిపోయేదట. నియమమూ తప్పలేదు, మగ్గమూ ఆగలేదు. వాళ్లకు ఇందులో తప్పేమీ కనిపించలేదు.

కార్తీకంలో నేను వెళ్లినప్పుడు మగ్గం పక్క గూట్లో, పసుపు కుంకుమ గిన్నెల వెనక మాత్రల అట్ట కనబడింది. సగం ఖాళీ.

"ఇవెవరికక్కా?" అన్నాను.

"పాపకులే."

"జ్వరమా?"

"జ్వరమైతే నీతో చెప్పనా? ఆడోళ్ల సంగతిరా. నీకెందుకు? కాఫీ చల్లారతాంది, తాగు."

తాగాను.

ఆ సాయంత్రం స్టేషన్‌కు బయల్దేరితే ఆ అమ్మాయి సంచీ పట్టుకుని వీధి చివరిదాకా వచ్చింది. వీధి మలుపులో ఆగి, అటూ ఇటూ చూసి, "తాతా, ఒకటడుగుతా, అవ్వకు చెప్పొద్దు" అంది.

"అడుగు."

"చెరువు తూము మూసేస్తే నీళ్లు లోపలే నిలబడతాయి కదా. రక్తం కూడా అట్లే నిలబడతాదా? అదంతా లోపల యాడుంటాది? చెడిపోదా?"

ఆమె దేని గురించి అడుగుతోందో నాకు వెంటనే అర్థమైంది. గూట్లో మాత్రల అట్ట చూసి ఇంకా రెండు గంటలు కాలేదు.

"మీ సైన్సు సారును అడగాలమ్మా ఇట్లాంటివి" అన్నాను.

"సారు ఆ పాఠం చెప్పల్యా తాతా. ఎనిమిదిలోనూ చెప్పల్యా, ఇప్పుడూ చెప్పల్యా. ఇంట్లో చదువుకోండి అని పేజీలు తిప్పేసినాడు. పుస్తకంలో బొమ్మ ఉండాది గానీ మాత్రల సంగతి లేదు."

"మీ అమ్మను అడుగు మరి."

"అమ్మకు తెలిసుంటే నిన్నెందుకు అడుగుతా?"

"రైలుకు టైమయింది" అన్నాను. రైలుకు ఇంకా ముప్పావుగంట ఉంది. ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఆ ముప్పావుగంటా పాత పేపరు చదివాను.

ఇలాంటి పాఠాలు బడిలో ఎలా జరుగుతాయో నేను చూడనివాణ్ణి కాను. కొన్నేళ్ల కిందట పెనుకొండలో ఒక ఉన్నత పాఠశాలలో బాలికలకు అవగాహన కార్యక్రమం అంటే వార్త కోసం వెళ్లాను. మొదట మగపిల్లలందర్నీ మైదానంలోకి పంపారు. తర్వాత సైన్సు మాస్టారు బయటికి వచ్చేశాడు. ఆయన వెనకే నేనూ వచ్చాను. లోపలి నుంచి తలుపు వేసుకున్నారు. మాస్టారూ నేనూ సైకిల్ షెడ్డు నీడలో నిలబడి ఆ ఏటి వేరుశెనగ ధర గురించి మాట్లాడుకున్నాం. పిల్లలు కొందరు కిటికీ దగ్గరికి పోతే ఆయన అక్కడి నుంచే అదిలించాడు. "లోపల ఏం చెప్తాండారు సార్?" అని ఒకడు అడిగితే, "నీకు సంబంధం లేనిది" అన్నాడు. ముప్పావుగంటకు తలుపు తీసి ఫొటోకు పిలిచారు. న్యాప్‌కిన్ల ప్యాకెట్లు నల్ల కవర్లలో పెట్టి పంచారు. నేను ఆఫీసుకు వచ్చి, లోపల ఏం చెప్పారో ఒక్క ముక్క వినకుండానే, విద్యార్థినులు ఆసక్తిగా విన్నారని రాశాను. నెలసరి అని రాస్తే డెస్కులో కొట్టేస్తారని నేనే ముందుగా వ్యక్తిగత పరిశుభ్రత అని రాసి పంపాను. అలాంటి వార్తలు ఆ తర్వాతా చాలా రాశాను.

మాఘమాసం పెళ్లిళ్లకు ఇవ్వాల్సిన చీరలు అయిపోయాక ఆ అమ్మాయి మాత్రలు ఆపేసింది. మూడో రోజు నెలసరి వచ్చింది. వసారాలో చాప వేశారు. నాలుగో రోజు ఆగలేదు. ఆగలేదు కాబట్టి లోపలికి రానివ్వలేదు. ఐదో రోజు, ఆరో రోజు, అలాగే సాగింది. తల్లి గడప దగ్గర నుంచి పళ్లెం జరిపేది, చెంబులోకి పైనుంచి నీళ్లు వంపేది. ఎక్కువ పోతోందని తల్లికి తెలుసు. ఐదు నెలలు నిలబడిందంతా ఇప్పుడు పోవాలి కదా అనుకుంది. ఆ అమ్మాయి కూడా అదే అనుకుంది. పోతే మంచిదే, లోపల చెడిపోకుండా పోతాందని లోలోపల సంతోషపడిందట కూడా. కళ్లు తిరుగుతున్నాయని ఎవరికీ చెప్పలేదు. పుస్తకం ముందు పెట్టుకుని పడుకునేది. పరీక్షలు దగ్గరపడ్డాయి, చదువుకుంటోంది అనుకున్నారు.

పన్నెండో రోజు ఉదయం పదింటికి నేను వెళ్లాను. మేనల్లుడు స్నానం చేసి, మగ్గానికి అగరొత్తులు వెలిగించి, కొత్త పడుగు మీద కూర్చోబోతున్నాడు. రెండో మనిషి లేక ఒక్కడే నేయగలిగే చిన్న అంచు చీర ఎక్కించాడు. వసారా వైపు నుంచి చెంబు దొర్లిన చప్పుడైంది. వెళ్లి చూస్తే ఆ అమ్మాయి గోడ పట్టుకుని లేవబోయి, అలాగే గోడ వెంట కిందికి జారిపోతోంది. ముఖం ఉతికి ఉతికి వెలిసిన పంచె రంగులో ఉంది. పెదవులకూ బుగ్గలకూ తేడా లేదు.

మేనల్లుడు గడప దాకా పరుగెత్తుకొచ్చి గడప దగ్గర ఆగాడు. మా అక్క, "నీళ్లు సల్లండి, ముందు నీళ్లు సల్లండి" అంటూ నిలబడింది. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. నేనూ ఆగాను. ఆడవాళ్లు ఎవరైనా వచ్చి పట్టుకుంటారని చూస్తూ ఆగాను. ఎంతసేపు అంటే చెప్పలేను. వంటింట్లోంచి ఆమె తల్లి రావడానికి పట్టినంత సేపు. ఆమె కూడా వస్తూనే ఒక్క అడుగు వెనక్కి తగ్గింది. అప్పుడు కూతురి పక్కన కూర్చుని, లేవగలిగే ఒక్క చేత్తోనే ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"సల్లగుండాది మామా" అంది నాతో. "ఐసు మాదిరుండాది."

పన్నెండు రోజుల తర్వాత ఆ అమ్మాయిని ఒక మనిషి తాకడం అదే మొదలు.

నేనూ మేనల్లుడూ కలిసి ఎత్తి ఆటోలో వేశాం. ఆసుపత్రిలో డాక్టరమ్మ కళ్ల కింద రెప్ప లాగి చూసి వెంటనే రక్తం పరీక్షకు పంపింది. హిమోగ్లోబిన్ పన్నెండు ఉండాల్సిన చోట నాలుగు ఉంది. ఇంకో రోజు ఆగివుంటే గుండె తట్టుకునేది కాదంది. రక్తం ఎక్కించడం మొదలుపెట్టాక తల్లిని పక్కకు పిలిచింది.

"పిల్ల ఇంత పాలిపోతే చెయ్యి పట్టుకుని చూడలేదా అమ్మా మీరు?"

"ఎట్ల పట్టుకుంటాం మేడం? బయటుండాది కదా" అంది తల్లి. సాకుగా అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది.

డాక్టరమ్మ పెన్ను తీసుకుని మాత్రల సంగతి అడిగింది. ఎన్ని నెలలు, రోజుకు ఎన్ని, మధ్యలో ఎన్నిసార్లు ఆపారు అని రాసుకుంది. ఈ వయసులో కొందరికి మాత్రలు లేకుండా కూడా ఎక్కువ పోతుందని, ఈ అమ్మాయికి అసలే రక్తం తక్కువుండి ఉంటుందని, పైన ఈ మాత్రలు ఇష్టమొచ్చినట్టు వేసి ఆపారని చెప్పింది. వారం ముందు తెచ్చివుంటే మందులతో తగ్గిపోయేదని కూడా చెప్పింది.

మర్నాడు ఆ అమ్మాయి కొంచెం తేరుకున్నాక, నన్ను అడిగిన ప్రశ్నే డాక్టరమ్మను అడిగింది. ఆమె మందులచీటీ వెనక పెన్నుతో బొమ్మ గీసి చెప్పింది. గర్భసంచిలో ప్రతి నెలా ఒక పొర కట్టుకుంటుందని, అది రాలడమే నెలసరి అని, మాత్రలు ఆ రాలడాన్ని ఆపి ఉంచుతాయని, అంతేగానీ నెలల తరబడి రక్తం లోపల ఎక్కడా కుండలో పోసినట్టు నిలబడి ఉండదని. పన్నెండు రోజులు పోయింది నిలవ రక్తం కాదు, ఒంట్లో తిరిగే రక్తమే అని. ఇదంతా చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుంది. నేను మంచం దగ్గరే ఉన్నాను. నావైపు చూడలేదు.

ఆసుపత్రిలో మంచాలు లేక ఆమెను కాన్పుల వార్డులో పడుకోబెట్టారు. అది మాకెవరికీ పట్టలేదు. మూడో రోజు ఇంటికి పోయేటప్పుడు వీధిలో ఏం చెప్పాలని మా అక్క అడిగింది. నెలసరి ఎక్కువై అని చెప్పడానికి ఆమెకు నోరు రావడం లేదు. "కామెర్లని చెప్పక్కా" అన్నాను. ఆ మాట నాదే. ఎవరూ బలవంతపెట్టలేదు. మేనల్లుడు సరేనన్నాడు. అందరం అదే చెప్పాం.

వారం తిరక్కుండా వీధి మొగదల ఇంట్లోంచి ఒకామె వచ్చింది. ఆమె కోడలు కాన్పుకు అదే వార్డులో ఉందట.

"ఏమమ్మే, తగ్గిందా? మా కోడలు చెప్పింది, పక్క మంచమే అంట కదా. కామెర్లకు కాన్పుల వార్డులో ఎందుకేసినారో మరి. ఈ డాక్టర్లకు ఏం తెలిసి సస్తాది!" అని నవ్వుతూ అంది.

ఆ తర్వాత ఆ కథను ఎవరూ ఆపలేకపోయారు. పదిహేనేళ్ల పిల్ల, రక్తం పోయింది, కాన్పుల వార్డులో పడుకుంది, ఇంట్లోవాళ్లు కామెర్లని దాచారు. కడుపు తీయించుకుందని చెప్పుకున్నారు. మేం ముందే నిజం చెప్పివుంటే నమ్మేవాళ్లేమో. అబద్ధం దొరికాక చెప్పిన నిజాన్ని ఎవరు నమ్ముతారు? హాల్‌టికెట్టు తెచ్చుకోవడానికి ఆమె బడికి పోతే వెనక బెంచీ నుంచి ఎవరో "బాలింతొచ్చిందిరా" అన్నారట. ఇంకొకడు ఏడుస్తున్న పసిపిల్ల గొంతు చేశాడట. ఆడపిల్లలు కూడా పక్కన చోటివ్వలేదు. హాల్‌టికెట్టు తీసుకుని వచ్చి, పరీక్షలు రాయనని తల్లితో చెప్పింది.

ఏడ్చారు, తిట్టారు, బతిమాలారు. చివరికి మా అక్క ఫోన్ చేసింది. "నీ మాట ఇంటాది రా. వచ్చి ఏమన్నా చెప్పప్పా" అంది. పరీక్షలకు ముందు రోజు వెళ్లాను. పరీక్ష రాయకపోతే పాలిటెక్నిక్ లేదు, హిందూపురం లేదు. అది ఆమెకు నేను చెప్పాల్సిన పని లేదు. నాకంటే బాగా తెలుసు. పొద్దుపోయేదాకా కూర్చుంటే, "సరే తాతా, గేటు దాకా నువ్వూ రా" అంది.

పొద్దున ఎనిమిదిన్నరకు ఆటోలో బయల్దేరాం. పరీక్ష తొమ్మిదిన్నరకు. తల్లి జడ వేసి, నుదుట బొట్టు పెట్టి, పెన్నులు రెండు అట్టకు గుచ్చి ఇచ్చింది. ఆటోలో ఆ అమ్మాయి పుస్తకం తెరవలేదు. సెంటరు గేటుకు యాభై అడుగుల ముందు ఆటో ఆపించింది. గేటు పక్కన ఐదారుగురు మగపిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఎదురింటి అబ్బాయి ఉన్నాడు.

"దిగమ్మా" అన్నాను.

దిగలేదు. హాల్‌టికెట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నువ్వు పో తాతా" అంది. "పోయి వాల్లకు నాకు ఏమయిందో చెప్పు. చెప్పినాక నేనొస్తా."

"ఇప్పుడా? పరీక్ష ముందర..."

"ఇంగెప్పుడు? ఇంట్లో చెప్పరు, బడిలో చెప్పరు. నువ్వూ చెప్పవు. చెప్పే వాల్లు ఎవరుండారు మరి?"

దిగి నడిచాను. నన్ను చూసి ఎదురింటి అబ్బాయి పక్కవాళ్లతో మాటలు ఆపాడు. మిగతావాళ్లు నావైపు తిరిగారు.

"ఏమప్పా, ఆ పాప గురించి ఏవేవో అంటాండారంట" అన్నాను.

"మేమేమనల్యా సార్. అందరూ అంటాంటే..." అన్నాడు ఎదురింటి అబ్బాయి. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ పాపకు కడుపూ లేదు, ఏమీ లేదు. ఆడపిల్లలకు నెలనెలా వచ్చేది రాకుండా ఇంట్లో మాత్రలు ఇచ్చినారు. అవి ఆపేసినాక రక్తం ఎక్కువ పోయింది. చచ్చిపోబోయి బతికింది. జరిగింది ఇంతే."

ఒక పొట్టి పిల్లాడు, చేతిలో పరీక్ష అట్ట పట్టుకుని, నన్నే చూస్తూ అడిగాడు.

"నెలనెలా ఏమొచ్చేది సార్?"

వాడు ఎగతాళి చేయడం లేదు. వాడికి నిజంగా తెలియదు. పక్కనున్నవాడు వాడి వీపు మీద చరిచి ముసిముసిగా నవ్వాడు. నేను మొదలుపెట్టాను. గర్భసంచి అన్నాను, పొర అన్నాను. నా నోటి నుంచి ఆ మాటలు ఒక వరుసలో రావడం లేదు. లోపల గంట కొట్టారు. పిల్లలు చెప్పులు టకటకలాడించుకుంటూ గేటులోకి పరుగెత్తారు. పొట్టి పిల్లాడు మాత్రం లోపలికి పోతూ ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

ఆటో దగ్గరికి వచ్చాను.

"చెప్పినావా?" అంది.

"చెప్పినా."

"ఇన్నారా?"

"ఇన్నారు. అంతా చెప్పేలోగా గంట కొట్టినారు."

"ఎవరన్నా నవ్వినారా?"

లేదని చెప్పివుంటే దిగేదేమో. ఇప్పటికీ తెలియదు. అప్పటికే ఆ ఇంటికి ఒక అబద్ధం నేర్పి ఉన్నాను.

"ఒకడు నవ్వినాడు" అన్నాను.

తలూపింది. హాల్‌టికెట్టును నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో పెట్టుకుంది. "అన్నా, ఇంటికి తిప్పు" అంది ఆటో అతనితో. అతను నావైపు చూశాడు. నేను ఎక్కి కూర్చున్నాను.

ఆ రోజు తెలుగు పరీక్ష. మిగతా పరీక్షలన్నిటికీ నేను ధర్మవరంలోనే ఉండి, ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు ఆటో పిలిపించాను. ప్రతిసారీ అది కాసేపు వాకిట్లో ఆగి, ఖాళీగా వెళ్లిపోయింది.